శీర్షికాక్షరాల సొగసు - తలకట్టు సమస్య: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అచ్చు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

లావుగీతకూ సన్నగీతకూ మధ్య వ్యత్యాసం బాగా ఎక్కువగా ఉండి, కొనల్లో సెరిఫ్‌లు కలిగిన శీర్షికాక్షరాలు ఐరోపా అచ్చులో 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో రూపుదిద్దుకొన్నాయి. పుస్తకాల అట్టలు, శుభలేఖలు, దుకాణాల బోర్డులు, పత్రికల శీర్షికలు నేడు సొగసు కోసం ఈ తరహా అక్షరాలనే ఆశ్రయిస్తున్నాయి. ఆ సొగసును తెలుగు లిపికి యథాతథంగా తగిలించినప్పుడు వచ్చే చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసన, పత్రికా చరిత్రనూ, అక్కడి వీధుల్లోని త్రిలిపి వాతావరణాన్నీ ఆధారంగా తీసుకొని, రోమన్ లిపిలో సెరిఫ్ అలంకారం కాగా తెలుగులో తలకట్టు అర్థాన్ని మోసే అంగమని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: తలకట్టు, సెరిఫ్, శీర్షికాక్షరం, అచ్చు చరిత్ర, నీలగిరి పత్రిక, గోలకొండ పత్రిక, సురవరం ప్రతాపరెడ్డి, ఫాంటు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పత్రికా చరిత్రపై వచ్చిన పరిశోధనలు సంపాదకులను, సంపాదకీయాలను, ఉద్యమ నేపథ్యాన్ని విస్తృతంగా చర్చించాయి. ఆ పత్రికలు ఏ అక్షరాలతో పాఠకుని ముందుకు వచ్చాయన్న ప్రశ్నకు వాటిలో దక్కిన చోటు చాలా తక్కువ. అక్షరరూపం విషయానికి బాహ్యమైనదనీ, అది ముద్రాపకుని వ్యవహారమనీ మనం అనుకోవడమే ఇందుకు కారణం. కాని పాఠకుడు వార్తను చదవడానికి ముందే అక్షరాన్ని చూస్తాడు. శీర్షిక ఎంత లావుగా ఉంది, ఎంత నాజూకుగా ఉంది, పక్కనున్న మరో లిపితో పోలిస్తే పెద్దరికంతో నిలిచిందా, ఒదిగి నిలిచిందా అన్నవి కూడా అతనికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి.

పరిశీలనకు ఈ రెండు జిల్లాలనే ఎంచుకోవడానికి కారణాలు మూడు. మొదటిది, తెలంగాణలో తొలినాటి తెలుగు పత్రికల్లో ముఖ్యమైనవి ఇక్కడి నుంచి, లేదా ఇక్కడి వారి చేతుల మీదుగా వెలువడ్డాయి. రెండవది, తెలుగు, ఉర్దూ, ఆంగ్ల లిపులు మూడూ ఒకే బోర్డు మీద నిలిచే సంప్రదాయం ఇక్కడ పాతది. మూడవది, నేడు తెలుగులో వాడుకలో ఉన్న ఒక ఫాంటుకు ఈ నేల మనిషి పేరే ఉంది. 2016 నాటి పునర్విభజన తరువాత ఈ జిల్లాలు పలు భాగాలైనప్పటికీ, చారిత్రక సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో పూర్వపు ఉమ్మడి జిల్లాల హద్దులనే గ్రహించడమైనది.

2. సెరిఫ్, తలకట్టు: పుట్టుకలో పోలిక, పనిలో భేదం

రోమన్ అక్షరాల గీతల చివర కనిపించే చిన్న అడ్డుకొనను సెరిఫ్ అంటారు. రోము నగరంలోని ట్రాజన్ స్తంభం మీద క్రీ.శ. 113 నాటి శాసనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. రాతిని చెక్కే ఉలి వల్లనే ఆ కొనలు ఏర్పడ్డాయని చాలాకాలం భావించారు. శిల్పి చెక్కడానికి ముందు రాతి మీద కుంచెతో రాసుకొన్న రాతలోనే అవి పుట్టాయని ఎడ్వర్డ్ కాటిచ్ 1968లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు. ఏ వాదాన్ని అంగీకరించినా, సెరిఫ్ గీత మొదలు, చివరలకు చెందిన చేతిపని గుర్తు. దానిని తీసివేసినా అక్షరం పలికే ధ్వని మారదు. సెరిఫ్ లేని రోమన్ అక్షరాలు సర్వత్రా వాడుకలో ఉండడమే ఇందుకు నిదర్శనం.

మన తలకట్టు పుట్టుక కూడా ఇటువంటిదే. బ్రాహ్మీ అక్షరాల నిలువుగీతల పైకొనన చేరిన చిన్న అడ్డగీత శతాబ్దాల పరిణామంలో అక్షరం నుంచి వేరుపడి, వంపు తిరిగి, నేటి తలకట్టు అయింది. అలంపురంలోని బాదామి చాళుక్యుల నాటి శాసనాలను, పానగల్లు, పిల్లలమర్రి దేవాలయాల్లోని కాకతీయ యుగపు శాసనాలను వరుసగా చూసినవారికి ఈ పరిణామం ఒకే ప్రాంతంలో కళ్లకు కడుతుంది. తెలుగు అక్షరాల గుండ్రదనానికి తాటాకు, గంటం కారణమన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. ఆకు చిరగకుండా గీత వంపు తిరిగిందన్నది అందులోని తర్కం. అయితే రాతి మీద చెక్కిన పై శాసనాల్లోనూ అదే గుండ్రదనం ఉంది కనుక, రాత సాధనం ఒక్కటే లిపి స్వరూపాన్ని నిర్ణయించిందని చెప్పడం తొందరపాటు అవుతుంది. గంటం విషయంలో నిస్సందేహంగా చెప్పదగింది వేరొకటి ఉంది. ఇనుపమొన ఏ దిక్కుకు తిరిగినా గీత మందం మారదు. తెలుగు కంటికి ఒకే మందపు గీత అలవాటు కావడంలో గంటానికి గట్టి పాత్రే ఉంది.

పుట్టుకలో పోలిక ఉన్నా, పనిలో సెరిఫ్‌కూ తలకట్టుకూ దూరం చాలా ఉంది. మన వ్యాకరణ సంప్రదాయం తలకట్టును అకారపు గుర్తుగా గ్రహించింది. 'క'లో ఉన్న తలకట్టు 'కి' అన్నప్పుడు తొలగి గుడికి చోటిస్తుంది. 'కె' అన్నప్పుడు ఎత్వానికి, 'కొ' అన్నప్పుడు ఒత్వానికి చోటిస్తుంది. 'కు', 'కూ', 'కృ'లలో నిలిచే ఉంటుంది. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ అనే తొమ్మిది హల్లులకు అసలు తలకట్టే లేదు. అంటే తలకట్టు ఉండడం, లేకపోవడం రెండూ పాఠకునికి సమాచారమే. సెరిఫ్‌ను రూపకర్త తన ఇష్టం మేరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు, తీసివేయవచ్చు. తలకట్టు విషయంలో ఆ స్వేచ్ఛకు భాషే హద్దు గీస్తుంది.

3. సొగసైన శీర్షికాక్షరం: ఐరోపా నేపథ్యం

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్విల్ 1757లో వర్జిల్ కావ్యాలను ముద్రించాడు. నున్నని కాగితాన్ని, చిక్కని నల్ల సిరాను సమకూర్చుకోవడం వల్ల అంతకుముందు అచ్చులో నిలవని సన్నగీతలు అతని పుటల్లో నిలిచాయి. తరువాత ఫ్రాన్సులో ఫిర్మిన్ దిదో, ఇటలీలోని పార్మాలో జాంబతిస్తా బొదోని ఈ ధోరణిని పరాకాష్ఠకు తీసుకువెళ్లారు. వారి అక్షరాల్లో నిలువుగీత లావు, అడ్డగీత అతి సన్నం, సెరిఫ్ వెంట్రుకవాసి. 19వ శతాబ్దిలో వ్యాపార ప్రకటనలు పెరగడంతో ఇవే మరింత లావెక్కి గోడపత్రాల మీదికి చేరాయి. 2011లో వెలువడి ఉచితంగా లభిస్తున్న ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఫాంటు ఆ పాత సొగసును తెరల మీదికి తెచ్చింది.

ఈ తరహా అక్షరానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది పరిమాణం. పెద్ద అక్షరంలో సన్నగీత సొగసుగా కనిపిస్తుంది. అదే అక్షరాన్ని వార్త పరిమాణానికి కుదిస్తే సన్నగీత మాయమవుతుంది. అందుకే దీనిని శీర్షికాక్షరం అనడం. రెండవది నిర్మాణం. ఈ సొగసు నిలువుగీతల మీద నిలబడుతుంది. రోమన్ పెద్దక్షరాల్లో నిటారు గీతలు సమృద్ధిగా ఉన్నాయి కనుక పుటకు ఒక నడక, ఒక లయ ఏర్పడుతుంది. తెలుగు అక్షరాల్లో అటువంటి నిటారు గీతలు బహు తక్కువ. గుండ్రని గీతలో లావు ఎక్కడ పడాలి, సన్నం ఎక్కడ పడాలి అన్న ప్రశ్నకు బొదోని వద్ద జవాబు దొరకదు.

4. మూడు లిపుల వీధి

నిజాం రాజ్యంలో 1880ల నుంచి పార్శీ స్థానంలో ఉర్దూ అధికార వ్యవహార భాషగా స్థిరపడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కచ్చేరీ కాగితం, కోర్టు తీర్పు, పాఠశాల బోధన ఉర్దూలో నడిచాయి. ఉర్దూకు ప్రీతిపాత్రమైన నస్తాలీఖ్ రాతను విడివిడి సీసపు అచ్చుల్లోకి దించడం కష్టం. పదాలు వాలుగా దిగుతూ ఒకదానిపై ఒకటి ఒదిగే రాత అది. అందువల్ల ఉర్దూ ముద్రణ చాలాకాలం కాతిబు చేతిరాతను రాతిపలక మీదికి ఎక్కించే శిలాముద్రణపై ఆధారపడింది. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చేదాకా దినపత్రికలను సైతం చేత్తోనే రాయవలసి వచ్చేది. తెలుగు మాత్రం విడి అచ్చుల్లోనే ముద్రితమైంది. ఒకే పట్టణంలో ఒక భాష రాతి మీది నుంచి, మరొక భాష సీసం మీది నుంచి కాగితానికి చేరిందన్న మాట.

దృశ్యపరంగా ఇది గమనించదగిన స్థితి. ఏటవాలుగా చెక్కిన రెల్లుకలంతో రాసే నస్తాలీఖ్‌లో అడ్డంగా సాగే గీత లావు, నిలువుగీత సన్నం. బొదోని తరహా రోమన్ అక్షరంలో ఇందుకు విపర్యయంగా నిలువుగీత లావు, అడ్డగీత సన్నం. తెలుగు అక్షరంలో గీత అంతటా దాదాపు సమానం. మూడు లిపుల బోర్డు మీద ఈ మూడు పద్ధతులూ పక్కపక్కన నిలుస్తాయి. 1918 నుంచి వెలువడిన హైదరాబాదు కరెన్సీ నోట్ల మీద ఉర్దూ, ఆంగ్లాలతో బాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులకు చోటు దక్కింది. ఆ నోట్లలో పెద్ద రాత ఉర్దూది. లిపుల మధ్య అంతస్తు పరిమాణంతోనే కాక గీత వైభవంతో కూడా నిర్ణయమయ్యే తీరుకు ఇటువంటి ముద్రిత వస్తువులు మంచి ఆకరాలు.

2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయింది. త్రిలిపి బోర్డు నేటికీ సజీవంగా ఉన్న రూపమే. అయితే నేడు అంతస్తు మారింది. శుభలేఖలోనో, దుకాణం బోర్డు మీదనో ఆంగ్ల నామానికి లావు-సన్నాల నాజూకు అక్షరం దక్కుతున్నది. తెలుగుకు డీటీపీ కేంద్రంలో మొదట చేతికి అందిన ఫాంటు దక్కుతున్నది. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో వచ్చిన ఫాంట్లు రెండు రాష్ట్రాల ముద్రణశాలల్లో దశాబ్దాలుగా నిత్యావసరాలు. వాటి సేవ తక్కువది కాదు. కాని వార్తకు, శీర్షికకు, ఆహ్వానానికి అదే అక్షరాన్ని పెద్దది చేసి వాడడం అలవాటైంది. పెద్దది చేసిన పాఠ్యాక్షరం శీర్షికాక్షరం కాజాలదు.

5. పత్రికలు, అక్షరాల వాడుక

తెలుగు అచ్చుల చరిత్రకు తొలి మజిలీలు మనకు దూరంగా ఉన్నాయి. జర్మనీలోని హాలే నగరంలో 1740లలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను ముద్రించాడు. శ్రీరాంపూరు నుంచి 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం, చెన్నపట్నం నుంచి 1816లో ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం వెలువడ్డాయి. 1854లో ఏర్పడిన వావిళ్లవారి ముద్రణాలయంతో చెన్నపట్నం తెలుగు పుస్తకానికి కేంద్రంగా బలపడింది. కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అచ్చు చరిత్రను అక్షరాల వాడుక చరిత్రగా చదవడం సముచితం.

ఆ వాడుక చిన్న విషయమేమీ కాదు. 1913లో మహబూబ్‌నగర్ నుంచి బండారు శ్రీనివాసశర్మ 'హితబోధిని' మాసపత్రికను నడిపారు. 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నల్లగొండ నుంచి 'నీలగిరి పత్రిక'ను వెలువరించారు. అలంపురం ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన 1926 మే 10న హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' ప్రారంభమైంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. అధికార భాష మరొకటి అయిన రాజ్యంలో పుట నిండా తెలుగు అక్షరాలను పేర్చడమే ఒక ప్రకటన. ఆ పత్రిక పేరు పుట తలభాగాన ఎంత పెద్దగా నిలిస్తే ఆ ప్రకటన అంత బలపడుతుంది.

సీసపు అచ్చుల కాలంలో పెద్ద శీర్షిక కూర్చడానికి మార్గాలు మూడు: పెద్ద సైజు పోత అచ్చులు, చెక్క అచ్చులు, చిత్రకారుడు రాసిన అక్షరాలతో చేయించిన బ్లాకు. మొదటి మార్గానికి ఖర్చెక్కువ. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాల వల్ల తెలుగు కేసుకు వందలాది అచ్చులు అవసరం. ప్రతి సైజుకూ ఆ సరంజామా అంతా మళ్లీ కొనాలి. ఆంగ్ల ముద్రాపకుడు కొన్ని పదుల అచ్చులతో కొత్త శీర్షికాక్షరాన్ని సంపాదించుకోగలడు. తెలుగు ముద్రాపకునికి అదొక పెద్ద పెట్టుబడి. తెలుగులో శీర్షికాక్షరాల వైవిధ్యం వెనుకబడడానికి కారణాన్ని అభిరుచిలో కాక ఈ లెక్కలో వెదకాలి. ఈ లోటును పూరించింది చిత్రకారుడు. బాపు వంటివారి చేతిరాత పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో తెలుగు శీర్షికకు సొగసు తెచ్చింది. చివరికి బాపు రాతే ఫాంటుగా మారింది. ఆఫ్‌సెట్, కంప్యూటరు వచ్చాక సీసం ఖర్చు పోయింది. ఫ్లెక్సీ వచ్చాక బోర్డుల మీది కుంచె చేయి కూడా తెరమరుగైంది. ఇక మిగిలింది రూపకల్పన సమస్య ఒక్కటే.

6. సన్నగీత మోసే అర్థం

రూపకల్పనలోని చిక్కును ఈ జిల్లాల పేర్లతోనే వివరించవచ్చు. 'నల్లగొండ'లో నాలుగు అక్షరాలు, ఒక సున్న ఉన్నాయి. 'న', 'డ'లకు తలకట్టు ఉంది. 'ల్ల'కు స్వభావసిద్ధంగా లేదు. కింద వత్తు ఉంది. 'గొ'లో దాని స్థానాన్ని ఒత్వం ఆక్రమించింది. 'మహబూబ్‌నగర్'లో మ, హ, న, గ అనే నాలుగింటికి తలకట్టు ఉంది; 'బూ'కు లేదు; 'బ్', 'ర్'ల మీద పొల్లు గుర్తు నిలిచింది. ఆంగ్లంలో నల్గొండ పేరును పెద్దక్షరాల్లో రాస్తే ఎనిమిదింటిలో ఏడింటికి సెరిఫ్ ఉంటుంది. గుండ్రని 'ఓ' ఒక్కటే మినహాయింపు. రోమన్ పదానికి సెరిఫ్ ఒక సమరేఖను ఇస్తుంది. తెలుగు పదంలో తలకట్టు మధ్య మధ్య తొంగిచూస్తుంది. తలకట్టును సెరిఫ్‌గా భావించి అలంకరిస్తే పదం పై అంచు ఒకచోట బరువుగా, మరొకచోట బోసిగా తయారవుతుంది. ఒత్వానికి, పొల్లుకు, గుడికి కూడా తలకట్టుతో సమానమైన తూకాన్ని ఇవ్వగలిగినప్పుడే శీర్షిక నిలబడుతుంది.

ఇంతకంటె తీవ్రమైనది అర్థభ్రంశం. 'వ'లో తలకట్టు అక్షరాన్ని తాకి ఉంటుంది. 'ప'లో విడిగా నిలుస్తుంది. లావుగీతను మరీ పెంచితే, లేదా సిరా కొంచెం పాకితే, ఆ చిన్న సందు పూడిపోతుంది. అప్పుడు 'పంట' 'వంట' అవుతుంది. 'పాడు' 'వాడు' అవుతుంది. ఇక ద-ధ, డ-ఢ, చ-ఛ జంటల్లో భేదమంతా కింద ఉన్న చిన్న నిలువుగీతలో ఉంది. థ-ధల మధ్య భేదం లోపలి చుక్కలో ఉంది. సన్నగీతలను వెంట్రుకవాసికి తగ్గించే రూపకర్త ఈ గీతను కూడా అలాగే తగ్గిస్తే, దూరం నుంచి చూసేవారికి 'ధార' 'దార'గా కనబడుతుంది. బొదోని అక్షరంలో సన్నగీత చెరిగినా లావుగీతలు పదాన్ని చాలావరకు కాపాడుతాయి. తెలుగులో సన్నగీత చెరిగితే మరొక వర్ణం ప్రత్యక్షమవుతుంది.

దీన్నిబట్టి ఒక సూత్రాన్ని ప్రతిపాదించవచ్చు. తెలుగులో లావు-సన్నాల వ్యత్యాసాన్ని గీత దిశను బట్టి కాక, గీత చేసే పనిని బట్టి పంచాలి. వర్ణభేదకమైన గీత, చుక్క, సందు అనే మూడూ కనీస మందాన్ని, కనీస ఎడాన్ని కోల్పోరాదు. అక్షరపు గుండ్రని కడుపు, దీర్ఘపు సాగుదల, వత్తు తోక వంటి భేదకం కాని భాగాల్లో సన్నదనానికి ఎంతైనా అవకాశం ఉంది. సొగసును అక్కడ చూపవచ్చు.

7. ఇటీవలి ప్రయత్నాలు

పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించగా సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఫాంట్లలో ఒకదానికి 'సురవరం' అని పేరు పెట్టారు. వార్తా ప్రచురణలను దృష్టిలో ఉంచుకొని చేసిన ఫాంటు ఇది. పత్రికా సంపాదకునిగా జీవించి, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో మరణానంతరం తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ప్రతాపరెడ్డి పేరు వార్తాక్షరానికి పెట్టడం ఔచితీవంతం. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడల పేర్లతో వచ్చిన ఫాంట్లు కూడా ఇటువంటి కృషిలోనివే. డీటీపీ పెట్టెలో బందీగా ఉన్న తెలుగు అక్షర వైవిధ్యాన్ని యూనికోడ్‌లోకి, అందరికీ ఉచితంగా తీసుకురావడం వీటి ప్రధాన ఫలితం.

మరొక ప్రయత్నం సాహిత్య గ్రంథాల వైపు నుంచి వచ్చింది. మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదంతో మనుచరిత్రను ప్రచురించింది. ఆ గ్రంథమాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ మొదలైనవారు రూపొందించిన తెలుగు అక్షరం, దాని తరువాతి రూపమైన 'తిరో తెలుగు' ఒకే మందపు గీతను వదలి లావు-సన్నాల మార్పును మళ్లీ ప్రవేశపెట్టాయి. ఇవి ప్రధానంగా పాఠ్యాక్షరాలు. అయినా గుండ్రని తెలుగు గీతలో లావు-సన్నాలు సహజంగా ఒదుగుతాయనడానికి ఇవి సాక్ష్యం. వీటి అనుభవాన్ని శీర్షికాక్షరానికి విస్తరించవలసి ఉంది.

8. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి:

- సెరిఫ్, తలకట్టు రెండూ గీత కొనల నుంచే పుట్టాయి. సెరిఫ్ అలంకారంగా మిగిలింది. తలకట్టు అకారపు గుర్తుగా వ్యాకరణంలో చేరింది. ఒకదాని నియమాలు మరొకదానికి వర్తించవు.
- నస్తాలీఖ్, రోమన్, తెలుగు లిపులు గీత మందాన్ని మూడు వేర్వేరు పద్ధతుల్లో పంచుతాయి. త్రిలిపి బోర్డుల ప్రాంతాల్లో లిపుల అంతస్తును నిర్ణయించడంలో ఈ భేదానికి పాత్ర ఉంది.
- తెలుగు శీర్షికాక్షరాల కొరతకు మూలం అచ్చుల సంఖ్య, ఖర్చు. నేడు ఆ అడ్డంకి లేదు.
- తెలుగులో సన్నగీత తరచు వర్ణభేదకం. సొగసైన శీర్షికాక్షరం రూపొందించేవారు మొదట ప-వ, ద-ధ, థ-ధ, డ-ఢ, చ-ఛ జంటలను, ఆ తరువాత వత్తులను పరీక్షించాలి.
- తొలితరం పత్రికలపై పనిచేసే పరిశోధకులు సంచిక సంఖ్య, తేదీలతో బాటు శీర్షిక పోత అచ్చుతో కూర్చిందా, బ్లాకు ముద్రించిందా, ఎన్ని సైజుల అక్షరాలు వాడారు అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. స్కాను చేసేటప్పుడు పుట తలభాగాన్ని కత్తిరించకుండా ఉంచడం ఇందుకు తొలి అవసరం.

కళాశాల వార్షిక సంచికలను, సదస్సుల పత్రసంకలనాలను అచ్చుకు సిద్ధం చేసేది తెలుగు శాఖలే. అట్ట మీద ఆంగ్ల శీర్షికకు వెదికినంత శ్రద్ధగా తెలుగు శీర్షికకు అక్షరాన్ని వెదికితే, నీలగిరి, గోలకొండ పత్రికలు పుట తలభాగాన తెలుగుకు సంపాదించిపెట్టిన చోటు నిలుస్తుంది.